గుండెలో బ్లాకులన్నారా? ఎప్పుడు పరుగెత్తాలి, ఎప్పుడు ఆగి అడగాలి

"యాంజియోలో మూడు బ్లాకులు వచ్చాయట. ఇప్పుడే స్టెంట్ వేయాలంటున్నారు. ఏం చేయమంటావు?"

నెలకో, రెండు నెలలకో ఈ ఫోన్ నాకొస్తుంది. నేను డాక్టర్ని కాను. మా ఇంట్లో ఒక బైపాస్, రెండు స్టెంట్లు అయ్యాయి, మూడుసార్లూ ఆపరేషన్ గది బయట బెంచీ మీద కూర్చున్నది నేనే. అడిగినవాళ్లకల్లా ఫోన్లో అదే చెప్పీ చెప్పీ, రాసిపెడితే పంపడానికి వీలుగా ఉంటుందని ఇది రాస్తున్నాను. ముందు నాలుగు మాటలు: బ్లాకు అంటే గుండె రక్తనాళంలో అడ్డు. యాంజియో అంటే నాళాల్లోకి డై అనే మందు పంపి, అడ్డు ఎక్కడుందో తెర మీద చూసే పరీక్ష. స్టెంట్ అంటే నాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ. బైపాస్ అంటే అడ్డును తప్పించి రక్తానికి కొత్త దారి వేసే ఆపరేషన్.

మనకు 'ఆలస్యం అమృతం విషం' అని ఒక సామెత ఉంది. 'నిదానమే ప్రధానం' అని ఇంకొకటీ ఉంది. గుండె విషయంలో రెండూ నిజమే. చిక్కల్లా ఎక్కడొస్తుందంటే, పరుగెత్తాల్సిన రాత్రి మనవాళ్లు గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకుంటారు. నిదానంగా ఆలోచించాల్సిన రోజున భయంతో పది నిమిషాల్లో సంతకం పెట్టేస్తారు. మీరున్నది ఏ పరిస్థితిలోనో ముందు తేల్చుకోవాలి. మిగతావన్నీ దాని తర్వాతే.

ముందే దగ్గర పెట్టుకోవాల్సినవి

- పాత ఈసీజీలు, ఎకో రిపోర్టులు. పదేళ్ల కిందటిదైనా సరే, పారేయకండి. కొత్త ఈసీజీలో మార్పు వచ్చిందో లేదో తెలిసేది పాతదాని పక్కన పెట్టి చూసినప్పుడే.
- ఇప్పుడు వాడుతున్న మాత్రల స్ట్రిప్పుల ఫొటోలు ఫోన్లో. "తెల్ల మాత్ర, పొద్దున్న ఒకటి" అంటే ఎవరికీ అర్థం కాదు.
- ఈమధ్య చేయించిన క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), షుగర్, హిమోగ్లోబిన్ రిపోర్టులు.
- ఆధార్, రేషన్ లేదా ఆరోగ్యశ్రీ కార్డు, ఇన్సూరెన్స్ కాగితాలు ఒకే కవర్లో.
- ఇంట్లో ఆస్పిరిన్ స్ట్రిప్పు ఒకటి, గడువు తేదీ చూసి.
- మీ ఊరికి దగ్గర్లో 24 గంటలూ పనిచేసే క్యాథ్‌ల్యాబ్ (యాంజియో, స్టెంట్ చేసే గది) ఎక్కడుందన్న సమాచారం. బోర్డు మీద 24 గంటలు అని రాసి ఉన్నా, అర్ధరాత్రి డాక్టర్ వస్తారో లేదో తీరిక ఉన్న రోజునే కనుక్కోండి.

1. ఇది గుండెపోటా, కాదా?

ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు, పిండినట్టు నొప్పి. అది పదిహేను, ఇరవై నిమిషాలైనా తగ్గకపోవడం. ఎడమ చేతికి, దవడకు, వీపుకు పాకడం. చల్లటి చెమటలు. వీటిలో కొన్ని ఉన్నా చాలు, గుండెపోటనే అనుకుని కదలండి. షుగర్ ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు, పెద్ద వయసు వాళ్లకు నొప్పి అసలు లేకుండా ఆయాసం, వాంతి, ఎందుకో తెలియని నీరసం మాత్రమే రావచ్చు. వాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

గుండెపోటు అనిపిస్తే:

మనిషిని కూర్చోబెట్టండి, నడిపించొద్దు. 108కి ఫోన్ చేయండి. ఆస్పిరిన్ పడనివాళ్లు కాకపోతే, ఎక్కడా రక్తస్రావం లేకపోతే, మూతి వంకర పోవడం, మాట తడబడటం లాంటి పక్షవాతం లక్షణాలు లేకపోతే, 300 లేదా 325 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలించండి. మింగితే పనిచేయడానికి ఆలస్యమవుతుంది, నమలాలి. ఇంట్లో 75 మిల్లీగ్రాములవే ఉంటే నాలుగు నమలొచ్చు.

ఛాతీనొప్పికి నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ మాత్రతో జాగ్రత్త. పక్కింటాయన దగ్గరుంది కదా అని తెచ్చి పెట్టేయకండి. బీపీ ఒక్కసారిగా పడిపోయి మనిషి కూలిపోవచ్చు. వయాగ్రా లాంటి మాత్ర ఒకటి, రెండు రోజుల్లో వేసుకుని ఉంటే అసలు పెట్టకూడదు. ఆ సంగతి ఇంట్లోవాళ్లకు తెలియకపోవచ్చు, చాటుగానైనా అడగండి.

పేషెంట్ తానే బండి నడుపుకుంటూ వెళ్లకూడదు. ఇది ఎంత చెప్పినా తక్కువే.

2. గుండెపోటైతే ఎక్కడికి వెళ్లాలి

మూసుకుపోయిన నాళాన్ని తెరవడానికి రెండు దారులున్నాయి. క్యాథ్‌ల్యాబ్‌కు తీసుకెళ్లి బెలూన్‌తో తెరిచి స్టెంట్ వేయడం మొదటిది. ఇంజెక్షన్‌తో గడ్డను కరిగించడం రెండోది. రెండు గంటల్లోపు బెలూన్ దాకా వెళ్లగలిగితే మొదటిదే మేలు. ఆసుపత్రిలో అడుగుపెట్టాక పది నిమిషాల్లో ఈసీజీ తీయాలి, తొంభై నిమిషాల్లోపు నాళం తెరవాలి. ఇది ప్రపంచమంతా పాటించాలనుకునే లెక్క.

అంత దూరం వెళ్లలేని ఊళ్లో ఉంటే, ఇంజెక్షన్ దొరికే దగ్గరి ఆసుపత్రికే ముందు వెళ్లండి. ఆంధ్రప్రదేశ్‌లో టెనెక్టెప్లేస్ అనే ఈ ఖరీదైన ఇంజెక్షన్‌ను ఏరియా ఆసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే పథకం 2023లో మొదలైంది. ఈసీజీని పెద్దాసుపత్రి డాక్టరుకు పంపి, ఆయన చెప్పాక ఇస్తారు. మీ దగ్గరి ఆసుపత్రిలో ఉందో లేదో ఇప్పుడే కనుక్కుని పెట్టుకోండి. ఈమధ్య పక్షవాతం వచ్చినవాళ్లకు, పెద్ద ఆపరేషన్ అయినవాళ్లకు ఇది ఇవ్వరు. పన్నెండు గంటలు దాటితే ఉపయోగం బాగా తగ్గిపోతుంది.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. ఇంజెక్షన్ పడ్డాక నొప్పి తగ్గుతుంది, "బాగానే ఉంది కదా" అని ఇంటికి తీసుకొచ్చేస్తారు. గడ్డ కరిగినా కింద బ్లాకు అలాగే ఉంటుంది. ఒకరోజు లోపే క్యాథ్‌ల్యాబ్ ఉన్న చోటికి చేరి యాంజియో చేయించుకోవాలి.

మొదటి ఈసీజీ మామూలుగా ఉన్నంత మాత్రాన లేచి వచ్చేయొద్దు. నొప్పి ఉంటే మళ్లీ తీయమని, గుండె కండరం దెబ్బతింటే పెరిగే ట్రోపోనిన్ రక్తపరీక్ష చేయమని అడగండి.

గుండెపోటని తేలాక రెండో అభిప్రాయాలు వద్దు. బంధువుల్లో డాక్టర్లెవరున్నారా అని ఫోన్లు కలుపుతూ కూర్చుంటే, అక్కడ గుండె కండరం చచ్చిపోతూ ఉంటుంది. సంతకం పెట్టండి. డబ్బు సంగతి పక్కన ఇంకొకరు చూసుకోవాలి. ఆరోగ్యశ్రీలో అత్యవసర కేసులకు ఫోన్ మీదే అనుమతి తీసుకుని చికిత్స మొదలుపెట్టే పద్ధతి ఉంది. ఆసుపత్రిలో ఆ పథకం తరఫున ఉండే ఆరోగ్యమిత్రను పట్టుకోండి, దొరక్కపోతే 104కి చేయండి.

3. గుండెపోటు కాకపోతే

నడిస్తే ఛాతీ బరువెక్కి, ఆగితే తగ్గిపోతోంది. లేదా హెల్త్ చెకప్‌లో ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే టీఎంటీ పరీక్ష పాజిటివ్ వచ్చింది. నెలల తరబడి ఇలాగే ఉందంటే మీకు టైముంది. రోజులే కాదు, వారాలు కూడా.

2007లో వచ్చిన కరేజ్ అధ్యయనం, తర్వాత ఐదు వేల మందికి పైగా పాల్గొన్న ఇస్కీమియా అధ్యయనం చెప్పింది దాదాపు ఒకటే. రెండోదాని ఫలితాలు 2019 చివర్లో బయటికొచ్చాయి. నిలకడగా ఉన్న ఛాతీనొప్పికి మంచి మందులు వాడినవాళ్లకూ, మందులతో పాటు స్టెంటో బైపాసో ముందే చేయించుకున్నవాళ్లకూ ఆ కొన్నేళ్లలో మరణాల్లో తేడా కనిపించలేదు. నొప్పి తగ్గడంలో మాత్రం రెండోవాళ్లకు మేలు జరిగింది. అంటే నడవనివ్వని నొప్పి మందులకు లొంగకపోతే స్టెంట్ మంచి సాయమే. నొప్పే లేని మనిషికి "వేయకపోతే రేపే పోతావు" అంటే మాత్రం ఆగి అడగాల్సిందే. అయితే లెఫ్ట్ మెయిన్ (ఎడమవైపు నాళాల మొదలు) బ్లాకు ఉన్నవాళ్లను, గుండె పంపింగ్ బాగా పడిపోయినవాళ్లను ఆ అధ్యయనాల్లో చేర్చుకోలేదు. మీరు ఆ కోవలో ఉంటే ఈ నిదానం మీకు వర్తించదు.

మధ్యలో ఇంకో రకం ఉంది. కూర్చున్నా వచ్చే నొప్పి, ఈ వారం రోజుల్లో కొత్తగా మొదలై పెరుగుతున్న నొప్పి, లేదా ట్రోపోనిన్ పెరగడం. నాళం పూర్తిగా మూసుకుపోలేదు, కానీ ఎప్పుడైనా మూసుకుపోవచ్చు. అప్పుడు ఆసుపత్రిలో చేరాలి. యాంజియో ఒకటి, రెండు రోజుల్లో జరిగిపోవాలి.

4. యాంజియోకి పడుకునే ముందు మాట్లాడుకోండి

క్యాథ్‌ల్యాబ్ తలుపు తెరుచుకుంటుంది. "పేషెంట్ తాలూకు ఎవరు?" అని పిలుస్తారు. తెర మీద నల్లటి తీగల్లాంటివి చూపించి, ఇదిగో 90 శాతం, ఇప్పుడే వేసేయమంటారా అంటారు. లోపల మనిషి బల్ల మీద ఉన్నాడు, బయట ఇంటావిడ ఏడుస్తోంది. ఆ టెన్షన్‌లో వద్దనగలిగినవాడు ఎవడు? మొదటిసారి నేనూ తలూపాను. అడిగినవారి తప్పేమీ లేదు, మళ్లీ ఇంకో గొట్టం, ఇంకో ఖర్చు ఎందుకని అలా చేయడం మామూలే. మేమే ముందు మాట్లాడుకోలేదు.

కాబట్టి ముందురోజే అడగండి: "బ్లాకు కనిపిస్తే అక్కడే స్టెంట్ వేస్తారా, యాంజియో చేసి ఆపుతారా? మూడు నాళాల్లో ఉంటే సర్జన్‌తో మాట్లాడాకే చేస్తారా?" సంతకం పెట్టే కాగితంలో యాంజియో ఒక్కటే ఉందో, యాంజియోప్లాస్టీ (బెలూన్‌తో తెరిచి స్టెంట్ వేయడం) కూడా కలిపి ఉందో చదవండి.

దాంతోపాటు చెప్పాల్సినవి: కిడ్నీ సమస్య, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడుతుంటే అది, రక్తం పలచబరిచే మాత్రలు, ఇదివరకు స్కాన్‌లో డై పడక దద్దుర్లు వచ్చి ఉంటే ఆ సంగతి. ఎన్ని గంటలు పస్తుండాలో, షుగర్ మాత్ర ఎప్పుడు ఆపాలో వాళ్లు చెప్పినట్టే చేయండి. గొట్టం మణికట్టు నుంచా, తొడ నుంచా అని కూడా అడగండి. కుదిరితే మణికట్టే మేలు, రక్తస్రావం తక్కువ, తొందరగా లేచి కూర్చోవచ్చు.

5. రిపోర్టు చదవడం

'మూడు బ్లాకులు' అన్న మాట వినగానే బెంబేలు పడొద్దు. ఒకే నాళంలో మూడు చోట్ల ఉండటం వేరు, మూడు ప్రధాన నాళాల్లోనూ ఉండటం వేరు. గుండె ముందు భాగానికి రక్తమిచ్చేది ఎల్‌ఏడీ, ఎడమ పక్క వెళ్లేది సర్కమ్‌ఫ్లెక్స్, కుడిది ఆర్‌సీఏ. ఎల్‌ఏడీ, సర్కమ్‌ఫ్లెక్స్ రెండూ పుట్టే మొదలు లెఫ్ట్ మెయిన్. అక్కడ 50 శాతం ఉన్నా తీవ్రంగానే తీసుకుంటారు. మిగతాచోట్ల సాధారణంగా 70 నుంచి లెక్కలోకి వస్తుంది. ఏదో చిన్న కొమ్మ చివర 80 శాతం ఉన్నా స్టెంట్ అక్కర్లేకపోవచ్చు.

ఇంకో సంగతి. ఆ శాతాలు చాలావరకు కంటిచూపుతో వేసిన అంచనాలు. ఒకరికి 60 అనిపించింది ఇంకొకరికి 75 అనిపించొచ్చు. అటూ ఇటూ కాని బ్లాకు అయితే ఎఫ్‌ఎఫ్‌ఆర్ చేస్తారా అని అడగండి. సన్నటి తీగ పంపి బ్లాకుకు ముందూ వెనకా ఒత్తిడి కొలుస్తారు. 0.80 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే ఆ బ్లాకు నిజంగానే రక్తాన్ని ఆపుతోందని అర్థం.

యాంజియో సీడీ అడిగి తీసుకోండి. కాగితం ఒక్కటే ఉంటే రెండో డాక్టర్ ఏమీ చెప్పలేరు.

6. మందులా, స్టెంటా, బైపాసా

ఒకటి, రెండు చోట్ల, గొట్టానికి తేలిగ్గా అందే బ్లాకులైతే స్టెంట్. లెఫ్ట్ మెయిన్‌లో క్లిష్టమైన బ్లాకులు, మూడు నాళాల్లోనూ బ్లాకులు, అందులోనూ షుగర్ ఉంటే బైపాస్ వైపు మొగ్గు. షుగర్ ఉన్నవాళ్ల మీదే చేసిన ఫ్రీడమ్ అధ్యయనం 2012లో వచ్చింది. అందులో బైపాస్ అయినవాళ్లలో మరణాలు, గుండెపోట్లు తక్కువ, పక్షవాతం మాత్రం కాస్త ఎక్కువ. మన రెండు రాష్ట్రాల్లో షుగర్ లేని ఇల్లు వెతకాల్సిన రోజులివి, కాబట్టి ఈ మాట గుర్తుంచుకోండి.

"ఛాతీ కోయడమా, అమ్మో" అని ఐదారు స్టెంట్లకు ఒప్పుకునేవాళ్లను చూశాను. భయం సహజం, కానీ నిర్ణయం భయానికి వదలొద్దు. ఈ ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లండి:

- ఇది చేస్తే ప్రాణానికి మేలా, నొప్పికి మేలా, రెండిటికీనా?
- మందులతో మూడు నెలలు చూస్తే ఏమవుతుంది?
- ఎన్ని స్టెంట్లు, ఏయే నాళాల్లో?
- ఈ సీడీ సర్జన్‌కు చూపించారా, ఆయన ఏమన్నారు?

ప్రశ్న అడిగితే విసుక్కునే చోట నిలకడగా ఉన్న కేసు చేయించుకోవాల్సిన పని లేదు. సీడీ తీసుకుని ఇంకోచోట చూపించండి.

7. బిల్లు

స్టెంట్ ధరకు ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో పరిమితి పెట్టింది. మందుపూత స్టెంట్‌కు 29,600 రూపాయలు, పూత లేనిదానికి 7,260. అప్పటినుంచి సవరిస్తూ వస్తున్నారు. ఇప్పటి ధర ఎన్‌పీపీఏ (మందుల ధరలు నిర్ణయించే కేంద్ర సంస్థ) వెబ్‌సైట్లో చూసి వెళ్లండి. బిల్లులో స్టెంట్ పేరు, కంపెనీ, బ్యాచ్ నంబరు, ధర విడిగా చూపించాలి. పరిమితి స్టెంట్‌కే. బెలూన్లు, తీగలు, గది, డాక్టర్ ఫీజు దానికి బయట. అందుకే "ప్యాకేజీ ఎంత, అందులో ఎన్ని స్టెంట్లు, ఇంకోటి వేస్తే ఎంత పెరుగుతుంది" అని ముందే అడగాలి.

విదేశీదే వేయించాలా అని అడుగుతుంటారు. మందుపూత ఉన్న, అనుమతి పొందిన స్టెంట్ అయితే చాలు. మన హైదరాబాద్‌లోనే 1990ల్లో డాక్టర్ సోమరాజు, అబ్దుల్ కలాం కలిసి కలాం–రాజు స్టెంట్ తయారుచేశారు, స్వదేశీ అన్నమాట వింటే మొహం ముడుచుకోనక్కర్లేదు. 'కరిగిపోయే స్టెంట్' అని ఎవరైనా ఊరిస్తే మాత్రం, వాటిలో అన్నిటికన్నా పేరొచ్చిన మొదటితరం స్టెంట్‌ను రక్తం గడ్డకట్టే సమస్యలు కనిపించాక 2017లో మార్కెట్ నుంచి తీసేశారని గుర్తుంచుకోండి.

యాంజియోప్లాస్టీ, బైపాస్ రెండూ తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీలో, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవలో ఉన్నాయి. తెలంగాణలో పరిమితిని 2023 డిసెంబర్‌లో కుటుంబానికి 10 లక్షలు చేశారు.

8. ఆ రోజు, ఆ తర్వాత

స్టెంట్ వేసేటప్పుడు మనిషి మెలకువగానే ఉంటారు. 1977లో జూరిచ్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ గుండె నాళానికి మొట్టమొదటి యాంజియోప్లాస్టీ చేసిననాడూ అంతే. గొట్టం పెట్టేచోట మాత్రమే మత్తు ఇస్తారు. బెలూన్ ఉబ్బినప్పుడు కాసేపు ఛాతీ నొప్పి రావచ్చు, ఓర్చుకోవడం గొప్ప అనుకోకుండా చెప్పండి.

బయటికొచ్చాక మణికట్టు వంచొద్దు, ఆ చేత్తో బరువెత్తొద్దు. తొడ నుంచైతే కాలు చాపి కొన్ని గంటలు పడుకోవాలి. డాక్టర్ వద్దనకపోతే నీళ్లు బాగా తాగించండి, డై బయటికి పోవాలి. వేళ్లు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, గొట్టం పెట్టినచోట ఉబ్బినా, ఛాతీనొప్పి మళ్లీ వచ్చినా, వెంటనే నర్సును పిలవండి. తెల్లారేదాకా ఆగొద్దు.

పని సరిగ్గా జరిగిందో లేదో చూసుకోవడం ఇలా. రిపోర్టులో 'టిమి 3' ఫ్లో అని ఉండాలి, అంటే రక్తం పూర్తి వేగంతో వెళ్తోందని. స్టెంట్ వేసినచోట మిగిలిన బ్లాకు ఇంత అని రాస్తారు, అది దాదాపు సున్నా కావాలి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు రెండు, మూడు రోజులకు క్రియాటినిన్ మళ్లీ చేయించాలి. వేసిన స్టెంట్ వివరాలుండే స్టెంట్ కార్డు ఇవ్వకుండా డిశ్చార్జి కావొద్దు.

బైపాస్ దారి వేరు. వారం దాకా ఆసుపత్రి, ఛాతీ ఎముక అతకడానికి రెండు, మూడు నెలలు. అప్పటిదాకా బరువులు, బైకు వద్దు. దగ్గు వస్తే దిండు ఛాతీకి అదుముకుని దగ్గాలి. కాల్లోంచి రక్తనాళం తీసినచోట వాపు ఉంటుంది, మామూలే. కోతల దగ్గర చీము, జ్వరం, ఛాతీ ఎముక కటకటమనడం మామూలు కాదు, సర్జన్‌కు చూపించాలి.

9. మాత్రలు, అసలు గండం ఇక్కడే

స్టెంట్ పడ్డాక ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్, టికాగ్రెలార్ లాంటి ఇంకో మాత్ర ఇస్తారు. గుండెపోటు వచ్చి వేసినదైతే సాధారణంగా ఏడాది, నిలకడ కేసైతే ఆరు నెలలు. కొందరికి డాక్టర్ మారుస్తారు. కొత్త స్టెంట్ లోపల గడ్డకట్టకుండా కాపాడేవి ఇవే.

మా మావయ్య మూడో నెలలో పన్ను పీకించుకోవడానికి వెళ్తే, రక్తం ఆగదేమోనని ఐదు రోజులు రెండూ ఆపమన్నారు. ఆయన ఆపారు. అదృష్టం బాగుండి ఏమీ కాలేదు గానీ, కార్డియాలజిస్ట్ పెట్టిన చీవాట్లు మాకింకా గుర్తే. పన్నుకైనా, కంటి ఆపరేషన్‌కైనా, దేనికైనా గుండె డాక్టర్‌ను అడగకుండా ఒక్కపూట కూడా ఆపొద్దు.

టికాగ్రెలార్ రోజుకు రెండుసార్లు. రాత్రి మాత్రే ఎక్కువగా మరిచిపోతుంటారు. అది కొందరికి ఆయాసం తెస్తుంది, అలా ఉంటే మానకండి, మార్చమని అడగండి. మలం నల్లగా వస్తే ఆరోజే డాక్టర్‌ను కలవండి.

నాలుగు నుంచి ఆరు వారాలకు కొలెస్ట్రాల్ పరీక్ష చేయించండి. చెడు కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్, 55 లోపు ఉండాలన్నది ఇప్పటి లక్ష్యం. ల్యాబ్ కాగితం మీద '100 లోపు నార్మల్' అని ఉంటుంది, అది గుండెజబ్బు లేనివాళ్ల లెక్క. దాన్ని చూసి "నార్మల్ వచ్చింది" అని స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) మానేసేవాళ్లు ఇంటికొకరు. బీపీ 130/80 లోపు. గుండెపోటు వచ్చినవాళ్లకు పంపింగ్ ఎలా ఉందో చూడటానికి ఎకో మళ్లీ చేయాలి, ఎప్పుడో డిశ్చార్జి రోజే రాయించుకోండి.

వెల్లుల్లి, అల్లం, నిమ్మ, వెనిగర్, తేనె కషాయంతో బ్లాకులు కరుగుతాయన్న వాట్సాప్ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. వంటలో అల్లంవెల్లుల్లి వేసుకోండి, కాదనను. నాళంలో ఏళ్ల తరబడి పేరుకుని గట్టిపడిన కొవ్వు కషాయానికి కరగదు. గుండెపోటు వస్తే గట్టిగా దగ్గుతూ ఉంటే చాలన్న మెసేజ్ ఇంకా ప్రమాదం, అది చేస్తూ 108కి ఫోన్ చేయడం మానేస్తారు.

స్టెంట్ ఉన్నవాళ్లకు ఎమ్మారై చేయొచ్చా, విమానాశ్రయంలో మోగుతుందా అని అడుగుతారు. ఎమ్మారై చేయొచ్చు, కార్డు చూపిస్తే చాలు. మోగదు. దగ్గినా తుమ్మినా స్టెంట్ జారిపోదు కూడా.

చివరగా ఒక పని, ఇవాళే చేయండి. స్టెంట్ కార్డు, డిశ్చార్జి సమ్మరీ, మాత్రల చీటీ ఫొటో తీసి ఇంట్లో అందరి ఫోన్లకూ పంపండి. డాక్టర్ సార్బిట్రేట్ రాసి ఉంటే, నొప్పి వచ్చినప్పుడు కూర్చుని ఒకటి నాలుక కింద పెట్టుకోవాలి, ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి చేయాలి. ఈ రెండు ముక్కలూ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. ఆ టైముకు ఇంట్లో ఉండేది మనవడో మనవరాలో కావచ్చు.